మండల కేంద్రం నుంచి సొంతంగా వారపత్రిక నడపొచ్చా? ఎక్కడ దెబ్బతింటుంది?

నడపొచ్చు. ఊరు చిన్నదని వెనకాడకండి. 1922లో ఇనుగుర్తి అనే పల్లెలో కూర్చుని ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' వారపత్రిక తెచ్చారు. రాతా, అచ్చూ వాళ్లే చూసుకున్నారు. ఇవాళ వారపత్రికలు మూతపడేది వార్తల్లేక కాదు, ప్రకటనల బాకీలు రాక.

ముందు రిజిస్ట్రేషన్. 2024 మార్చి 1 నుంచి పత్రికల రిజిస్ట్రేషన్‌కు కొత్త చట్టం అమల్లో ఉంది, దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ప్రెస్ సేవా పోర్టల్‌లోనే. తెలుగులో దేశంలో ఎక్కడైనా, మీ రాష్ట్రంలో ఏ భాషలోనైనా ఉన్న పేరును పోలిన పేరు ఇవ్వరు. అందుకే ఊరి పేరు కలిపి నాలుగైదు సిద్ధం చేసుకోండి.

ఇక డబ్బు. కోర్టు నోటీసులొస్తాయని లెక్కలేసుకోకండి. సమన్లు పత్రికలో వేయించాలంటే అది దినపత్రికే కావాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డర్ 20వ రూల్ చెబుతోంది. మీకు దక్కేవి పండగ శుభాకాంక్షలు, జూన్‌లో స్కూలు అడ్మిషన్లు, వర్ధంతులు, షాపు ప్రారంభోత్సవాలు. సైజు కాలమ్ సెంటీమీటర్లలో (ఒక కాలమ్ వెడల్పు, ఒక సెంటీమీటర్ ఎత్తు ఒక లెక్క), రేటు, తేదీ రాసిన ఆర్డర్ ఫారం మీద సంతకం తీసుకోండి. సగం అడ్వాన్సు లేకుండా పేజీలో పెట్టొద్దు. పత్రిక వచ్చిన రోజే కాపీతో పాటు బిల్లు చేతికివ్వాలి. నాయకుల శుభాకాంక్షలకైతే పూర్తి డబ్బు ముందే తీసుకోండి. పండగ వెళ్లాక అడిగితే "తర్వాత చూద్దాం" అంటారు, ఆ తర్వాత ఫోనెత్తరు. జీతం బదులు ప్రెస్ కార్డిచ్చి ప్రకటనలు తెమ్మనడం మాత్రం అస్సలు చేయొద్దు. ఆ కార్డుతో ఎవరు ఎక్కడ వసూలు చేసినా ఊళ్లో చెడేది మీ పేరే.

నాలుగు పేజీల ట్యాబ్లాయిడ్‌తో, అంటే మామూలు దినపత్రికలో సగం సైజుతో మొదలుపెట్టండి. నలుపు ఒక్కటే అయితే కాగితం ఒక్కో వైపుకు ఒక అచ్చు ప్లేటు చాలు, రంగులైతే నాలుగు కావాలి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో కట్టిన ఫైలును అలాగే ప్రెస్‌కు పంపితే, అక్కడ ఫాంటు వెర్షన్ వేరైనప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. 'రాష్ట్రం' కాస్తా 'రాషం' అవుతుంది. ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే కలిపేసిన) పీడీఎఫ్ పంపి, ప్లేటు వేసేముందు ప్రూఫు చూడండి. నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు 10 పాయింట్లలో పెట్టొద్దు. న్యూస్‌ప్రింట్ ఇంకు పీల్చి ఒత్తులు పూడుకుపోతాయి, కనీసం 14 పెట్టి బోల్డ్ చేయండి. ఫొటోల్ని స్క్రీన్ మీద బాగున్న దానికంటే కాస్త తేటగా ఉంచాలి, అచ్చులో ముదురవుతాయి. సంత సోమవారమైతే ఆదివారం సాయంత్రానికే కాపీలు కొట్లలో ఉండాలి. ఒక్క సంత తప్పితే ఆ వారం కాపీలు కట్టలు విప్పకుండా మిగులుతాయి.

రాతలో అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది లైంగిక దాడి వార్తల్లో. బాధితులెవరో బయటపెడితే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 72వ సెక్షన్ కింద, బాధితులు పిల్లలైతే పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో 23వ సెక్షన్ కింద నేరం. పేరు తీసేశాం కదా అని వీధి, తండ్రి పని, చదివే తరగతి రాస్తే మీ ఊళ్లో ప్రతి ఇంటికీ ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. మండలం పేరు వరకే ఆపండి. ఆ మండలం మరీ చిన్నదైతే జిల్లా పేరుతో సరిపెట్టండి.