వెనక గాలి

బ్రాడీపేట, గుంటూరు

చి. సుధీర్‌కి,

నీ కథ చదివాను. కూతురెక్కిన విమానం చూడ్డానికి గన్నవరం ఎయిర్‌పోర్టు ప్రహరీ బయట తండ్రి స్కూటర్‌కి స్టాండేసి నిలబడ్డ చోటు బాగుంది. కానీ ఆరో పేజీలో (నంబర్లు నువ్వు వెయ్యలేదు, నేనే లెక్కపెట్టుకున్నా) ‘వెనక నుంచి వీచిన గాలి విమానాన్ని పైకి తోసింది’ అన్నావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. వెనక గాలి విమానాన్ని లేపదయ్యా, రన్‌వేని తినేస్తుంది! రెక్కకు లెక్క నేల మీద వేగం కాదు, దాని మీదుగా పారే గాలి వేగం. అందుకే వీలైనంతవరకు ఎదురుగాలి చూసుకునే బయల్దేరతారు.

పైగా నీ కథ మే నెల మిట్టమధ్యాహ్నం. 15 డిగ్రీలప్పుడు ఉండే గాలితో పోలిస్తే 45 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత దాదాపు పదోవంతు తగ్గుతుంది. పలచని గాలిలో అదే బరువు లేవాలంటే ఇంకా వేగం కావాలి. ఇంజిన్ బలం చూస్తే ఆ ఎండకే తగ్గి ఉంటుంది. ఇక బరువు 10 శాతం పెరిగిందా, లేచే వేగం 5 శాతమే పెరుగుతుంది గానీ రన్‌వే మీద పరుగెత్తే దూరం 20 శాతం పైనే పెరుగుతుంది. గన్నవరం రన్‌వే మూడు కిలోమీటర్ల పైచిలుకు, ఎత్తు ప్రదేశమూ కాదు, కాబట్టి గట్టెక్కావు. మూడు వేల మీటర్ల పైన, గాలి ఇంకా పలచగా ఉండే లడఖ్‌లోని లేహ్‌లో అయితే, ఆ తల్లి కట్టిచ్చిన ఆవకాయ దింపేసేవాళ్లేమో.

‘ఇవన్నీ కథకెందుకండీ, ఫీల్ ముఖ్యం కదా’ అంటావు. మిర్చి యార్డు మీద నేను రాసిన కథలో టిక్కీల (మిర్చి బస్తాల) తూకం, తాలుకాయలు ఏరే ఆడవాళ్ల వేళ్ల మంట, అన్నీ కొట్టేసి ‘ఎమోషన్ పెంచండి’ అని తిప్పి పంపాడొక ఎడిటర్. ఆయన యార్డు గేటు దాటి ఉండడు. నేను పెంచలేదు. ఆ కథ ఏళ్ల తరబడి ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. ఇప్పుడూ అదే ఫ్యాషన్. కథ నిండా కన్నీళ్లే, పని చేసే చెయ్యి ఒక్కటీ కనబడదు.

నీ కథలో అసలు టెన్షన్ నువ్వు వదిలేసిన చోట ఉంది. పైలట్లకు వీ-వన్ అని ఒక వేగం ఉంటుంది. బరువు, ఎండ, గాలి, రన్‌వే తడి అన్నీ చూసి ప్రతిసారీ లెక్కకడతారు. అది దాటేలోపు బ్రేకు వేసి ఆగొచ్చు. దాటాక ఒక ఇంజిన్ పోయినా లేవాల్సిందే, ఆగడానికి రన్‌వే చాలకపోవచ్చు. ‘వీ-వన్’ అన్న మాట వినగానే కెప్టెన్ థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే, తగ్గించే లివర్) మీద నుంచి చెయ్యి తీసేస్తాడు. ఆ చెయ్యి రాయవయ్యా! సీట్లో కూతురు ఏడ్చిన రెండు పేజీలూ తీసెయ్.

తిరగరాశాక ఆదివారం పొద్దున పట్టుకురా. ఫోన్ చేసి రా, మధ్యాహ్నమైతే నేను పడుకుంటాను.

ఆశీస్సులతో.