మేపుల్ సిరప్ సీసా కారుతోందా? మూత కన్నా ముందు వేడి చూసుకోండి

"ఇంట్లో కాచిన మేపుల్ సిరప్ సీసాల్లో పోసి పెడితే మూతల దగ్గర కారుతోంది, గట్టి మూతలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగారు. మూతలు దొరికే చోటు నేను చెప్పను, ఎందుకంటే మూత మార్చినా మీ సీసా కారుతుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మా పెరట్లో షుగర్ మేపుల్ చెట్లున్నాయి. శీతాకాలం చివర్లో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు మొదలవగానే చెట్లకు గొట్టాలు బిగించి, కారే తియ్యని చెట్టు నీరు పట్టి బయట పొయ్యి మీద కాచుకుంటాం. నలభై వంతుల నీరు మరిగితే ఒక వంతు సిరప్ మిగులుతుంది. ఇంత శ్రమపడి కాచినవాళ్ళు ఆఖరి అరగంటలో ఓపిక వదిలేస్తారు. నేను చూసినంతలో పది సీసాలు కారితే తొమ్మిదింటికి కారణం ఒక్కటే, సిరప్ చల్లారాక పోయడం.

సీసాలోకి దిగేటప్పుడు సిరప్ వేడి 180 నుంచి 185 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, అంటే సుమారు 82 నుంచి 85 సెల్సియస్. ఆ వేడికి మూతలో వాషర్ మెత్తబడి సీసా అంచుకు అతుక్కుంటుంది. చల్లారేకొద్దీ లోపలి సిరప్, గాలి కుంచించుకుపోయి మూతను లోపలికి లాగి పట్టుకుంటాయి. గోరువెచ్చగా పోస్తే ఈ రెండూ జరగవు, మీరు చేత్తో ఎంత బలంగా తిప్పినా సరే.

పోయినేడు ఉగాది ముందు శనివారం న్యూహాంప్‌షైర్ నుంచి ఒక మిత్రుడు అట్టపెట్టె మోసుకుంటూ మా ఇంటికొచ్చాడు. పండగ సభలో అందరికీ పంచుదామని కాచిన సిరప్ అది. పెట్టె అడుగు తడిసి మెత్తబడింది, సీసాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. "మూతలన్నీ చెత్తవి అన్నా, డబ్బులు దండగ" అన్నాడు. ఒక సీసా తీసి మూత విప్పితే కిర్రుమని చప్పుడు. సీసా మెడ మీది మరల మధ్య పంచదార పలుకులు పేరుకుని ఉన్నాయి. పోసేటప్పుడు అంచు మీద పడ్డ చుక్క తుడవలేదు. అది ఎండి పలుకు కట్టి, వాషర్‌కూ గాజుకూ మధ్య సందు చేసింది. ఎంత వేడిగా పోశావని అడిగితే, "గాజు పగులుతుందేమోనని చల్లారనిచ్చి పోశాను" అన్నాడు.

అన్నీ విప్పి తిరిగి పెద్ద గిన్నెలో పోశాం. మూత పెట్టి సన్నమంట మీద వేడిచేశాం, ఎందుకంటే మూత లేకపోతే నీరు ఇంకా ఆవిరై పాకం ముదురుతుంది. 190 దాటనివ్వలేదు. అది దాటితే మడ్డి మళ్ళీ తయారవుతుంది, సిరప్ తేటదనం పోతుంది. ఆ మడ్డి మట్టి కాదు, చెట్టు నీటిలో ఉండే ఖనిజ లవణాలే. అయినా సీసా అడుగున కనబడితే చుట్టాలు నమ్మరు కాబట్టి మందపాటి ఫెల్ట్ గుడ్డలో వడకట్టాం. సీసాలు కడిగి ఓవెన్‌లో సన్నని వేడి మీద పెట్టాం. సీసా కూడా వెచ్చగా ఉంటే గాజు పగలదు, మా మిత్రుడి భయానికి మందు అదే. పోయడానికి ఫంక్షన్లలో కాఫీ పట్టే, కింద కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము వాడాను. గరిటె, గరాటుతో పోసేవాళ్ళు ఇది ఒకటి కొనుక్కోండి, అంచు మీద చుక్క పడదు. పడినా వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో వెంటనే తుడిచి మూత బిగించండి.

అసలు పని ఇక్కడే ఉంది. మూత బిగించగానే సీసాను పక్కకు పడుకోబెట్టాలి. వేడి సిరప్ మూత లోపలా మెడలోనూ తగిలి అక్కడున్న బూజు, ఈస్టు చచ్చిపోతాయి. మూత సరిగ్గా పట్టిందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆ రోజు ఒక సీసా మూత అంచున ఆవగింజంత బొట్టు మెల్లగా ఊరుతూ కనబడింది. మూత తిప్పి చూస్తే వాషర్ మీద పాత సీసా అంచు గాడి ఉంది, పాస్తా సాస్ సీసా నుంచి తీసింది. ఈ మూతల పొదుపు మనవాళ్ళకు ఎందుకో నాకు అర్థం కాదు! గ్యాలన్ల కొద్దీ చెట్టు నీరు కాచడానికి కట్టెలు, గ్యాస్ లెక్కచూడరు, మూత దగ్గరకొచ్చేసరికి నిమ్మకాయ పచ్చడి సీసాది కడిగి వాడేస్తారు. ఆ ఘాటు ఎన్ని కడుగులు కడిగినా వాషర్‌లోంచి పోదు. మూత ఒకసారే, కొత్తదే వాడండి.

నింపిన రోజే కారితే తప్పు వేడిదో, అంచుదో, మూతదో. నెల తర్వాత కారడం మొదలైతే అది వేరే రోగం. సిరప్ పలచగా ఉండి లోపల పులుస్తోంది, గ్యాసు మూతను తోస్తోంది. పాకం నీరు మరిగే వేడి కన్నా 7 డిగ్రీల ఫారెన్‌హీట్ పైకి రావాలి. నీరు ఆ రోజు మీ ఊళ్ళో ఎంత వేడికి మరుగుతుందో ముందు చూసుకోండి, గాలి ఒత్తిడిని బట్టి అది మారుతుంది. చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ఉంటే ఇంకా మంచిది, మా వెర్మాంట్‌లో అమ్మే సిరప్‌కు చట్టం ప్రకారం కనీసం 66.9 బ్రిక్స్, అంటే నూటికి 66.9 వంతుల చక్కెర, ఉండాలి. పలచనైతే బూజు, మరీ ముదిరితే అడుగున కలకండ. "తీగ పాకం నా చేతికి తెలుసు" అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అరిసెల పాకానికి చెయ్యి చాలు, ఏడాది నిలవుండాల్సిన సిరప్‌కు చాలదు. ఆవకాయకు ఉప్పూ కారమూ పైన నూనే కాపలా, దీనికి చిక్కదనమూ మూతా తప్ప ఏ కాపలా లేదు.

సీసాలు వేడిగా ఉండగా అట్టపెట్టెలో సర్దకండి. మధ్యలోవి గంటల తరబడి వేడి దిగక రంగు నల్లబడతాయి, రుచి చెడుతుంది. బల్ల మీద ఎడంగా పెట్టి చల్లారనివ్వండి. ప్లాస్టిక్ జగ్గులు మాత్రం నేను ఇంట్లోకి రానివ్వను. వాటి గోడల్లోంచి గాలి సోకి నెలలు గడిచేకొద్దీ సిరప్ రంగు ముదురుతుంది. విప్పిన సీసా ఫ్రిజ్‌లో ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టినా పరవాలేదు, చక్కెర ఎక్కువ కాబట్టి రాయిలా గడ్డకట్టదు.

ఇండియాకు తీసుకెళ్ళేవాళ్ళు చెకిన్ సూట్‌కేసులోనే పెట్టండి, క్యాబిన్‌లోకి రానివ్వరు. విమానం పైకెళ్ళాక బయటి ఒత్తిడి తగ్గి సీసాలోని గాలి ఉబ్బుతుంది, నేలమీద కారనిది అక్కడ కారుతుంది. ప్రయాణానికి ముందు రెండు రాత్రులు సీసాను తెల్ల కాగితం మీద పడుకోబెట్టి చూడండి. కాగితం మీద మరక కనబడితే ఆ సీసాను ఇంట్లోనే వాడేయండి, మిగతావి ఒక్కోదాన్ని జిప్ కవర్లో పెట్టి తువ్వాళ్ళ మధ్య సర్దండి. పట్టుచీరలు మాత్రం వేరే పెట్టెలో పెట్టండి.