టేబుళ్లు పెంచితే హ్యాండ్స్ పెరుగుతాయి, ఆట పెరగదు

ప్రశ్న: బ్రిటన్‌లో ఎంఎస్సీ డేటా అనలిటిక్స్ చదువుతున్నాను. ఖాళీ వేళల్లో ఆన్‌లైన్ పోకర్ ఆడుతుంటాను. 5/10 పెన్స్ (పేకలు పంచగానే ఇద్దరు తప్పక పెట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు; పెద్దది బిగ్ బ్లైండ్, అంటే 10 పెన్స్) నో లిమిట్ హోల్డెమ్ (పందేనికి పరిమితి లేని పోకర్), ఆరుగురి టేబుళ్లు, ఒకేసారి నాలుగు. ఇప్పటికి 20,000 హ్యాండ్స్‌లో (ఒక్కోసారి పేకలు పంచి ఆడే ఆట ఒక హ్యాండ్) వంద హ్యాండ్స్‌కు 6 బిగ్ బ్లైండ్ల లాభం ఉంది. ఎనిమిది టేబుళ్లకు వెళ్లాలా, ఆట మెరుగుపరుచుకోవాలా? చదువయ్యాక ఏడాదో రెండేళ్లో దీన్నే వృత్తిగా పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు ఆ 6 సంగతి చూద్దాం. ఆరుగురి టేబుల్లో వంద హ్యాండ్స్‌కు స్టాండర్డ్ డీవియేషన్ (ఫలితం సగటు నుంచి అటూ ఇటూ ఊగే కొలత) ఇంచుమించు 100 బిగ్ బ్లైండ్లు ఉంటుంది. 20,000 హ్యాండ్స్ అంటే అలాంటి వందలు 200. దాని వర్గమూలంతో 100ను భాగిస్తే 7 వస్తుంది. అంటే మీ లెక్క 6, దానికి అటూ ఇటూ 7. మీరు నిజంగా గెలిచే ఆటగాడే కావచ్చు, కొద్దిగా నష్టపోయే ఆటగాడూ కావచ్చు. లక్ష హ్యాండ్స్ ఆడినా తేడా 3 దగ్గరే ఉంటుంది. ఇది మీ సబ్జెక్టే కదా, ఎవరో చెబితే నమ్మక్కర్లేదు, మీరే లెక్క వేసుకోండి.

సరే, 6 నిజమే అనుకుందాం. ఒక్కో టేబుల్లో గంటకు 75 హ్యాండ్స్ చొప్పున నాలుగింటిలో 300. గంటకు 18 బ్లైండ్లు, అంటే 1.80 పౌండ్లు. ఎనిమిదికి పెంచి, లాభం 4కు తగ్గినా 2.40 వస్తుంది. 3కు తగ్గితే మళ్లీ 1.80నే, శ్రమ మాత్రం రెట్టింపు. 2కు పడితే 1.20. బ్రిటన్‌లో 21 ఏళ్లు నిండినవారికి 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. ఈ స్థాయిలో అంత సంపాదించాలంటే, మీ 6 చెక్కుచెదరకపోయినా, 27 టేబుళ్లకు పైగా తెరవాలి. అదే 50 పెన్స్/1 పౌండ్ స్థాయిలో వందకు 4 బ్లైండ్లు గెలిస్తే నాలుగు టేబుళ్లతోనే 12 వస్తాయి. ఆ స్థాయి ఆటగాళ్ల మీద గెలవడం మాత్రం వేరే చదువు. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు స్పష్టమే: ఎనిమిది కాదు, రెండుకు తగ్గించండి.

టేబుళ్లు ఎక్కువైతే దెబ్బతినేది ప్రీఫ్లాప్ (టేబుల్ మీద పేకలు తెరవకముందు ఆడే దశ) కాదు, దాన్ని చార్టు చూసి ఎవరైనా ఆడతారు. టర్న్, రివర్ (టేబుల్ మీద నాలుగో, ఐదో పేక తెరిచే దశలు) దగ్గర దెబ్బ తగులుతుంది. అవతలివాడు రెండు హ్యాండ్స్ కిందట ఏం చూపించాడో గుర్తుండదు, బెట్ సైజు ఆలోచించే వ్యవధి ఉండదు, టైమర్ ఎర్రబడగానే ఫోల్డ్ నొక్కి పేకలు వదిలేస్తారు. ఎన్ని వేల హ్యాండ్స్ ఆడినా అవే తప్పులు అలవాటుగా గట్టిపడతాయి. పైగా చిన్న స్థాయిల్లో సైటు కోసుకునే రేక్ (కమీషన్) పాట్‌లో, అంటే పోగైన పందెం సొమ్ములో, 5% దాకా ఉంటుంది. అంచనా కాస్త తప్పినా మిగిలేదేమీ ఉండదు.

రెండు టేబుళ్లు, గంటన్నర మించకుండా ఆడండి. సందేహం వచ్చిన ప్రతి హ్యాండ్‌నూ అక్కడే మార్క్ చేయండి. ఆట అయ్యాక వాటిలో నాలుగైదింటిని సాల్వర్‌లో (సరైన ఆట ఏదో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) పెట్టి, ముందు మీ జవాబు రాసుకుని, తర్వాతే దాని జవాబు చూడండి. ముందే చూస్తే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. ట్రాకర్‌లో (మీ హ్యాండ్స్ దాచి గణాంకాలు చూపే సాఫ్ట్‌వేర్) పొజిషన్ల వారీ, అంటే కూర్చున్న స్థానాల వారీ, ఫిల్టర్ పెట్టి బిగ్ బ్లైండ్ కట్టే స్థానం చూడండి. అక్కడ అన్నీ ఫోల్డ్ చేసినా వందకు 100 బ్లైండ్లు పోతాయి. బాగా ఆడేవారికి పోయేది 30–45. మీది 60 ఉంటే, నెల రోజులు మరే లోపమూ ముట్టుకోకండి. ట్రాకర్లను అనుమతించని సైట్లూ ఉన్నాయి, ముందు నిబంధనలు చదవండి.

ఇక వృత్తి మాట. వద్దనే చెబుతాను. స్టూడెంట్ వీసాపై స్వయం ఉపాధి కుదరదు. గ్రాడ్యుయేట్ వీసా ఉండేది రెండేళ్లే (2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు 18 నెలలు). ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సర్ చేసే యజమాని కావాలి. పోకర్ టేబుల్ స్పాన్సర్ చేయదు. ఉద్యోగం వెతుక్కోవాల్సిన ఆ కాలాన్నే మీరు ఆటకు ఇస్తానంటున్నారు. ఇంటికి తిరిగొస్తే ఈ నైపుణ్యానికి చట్టబద్ధమైన చోటు లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా కూడా చూడలేదు.

ఒక జాగ్రత్త. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి జూదానికి క్రెడిట్ కార్డు పనిచేయదు, పోయేది ఖాతాలోని సొమ్మే. మీ ఖాతాలో ఎడ్యుకేషన్ లోన్ ఉంటే పోకర్ డబ్బుకు విడిగా మరో ఖాతా తెరవండి. లోన్ వైపు ఒక్కసారి చెయ్యి వెళ్లినా గామ్‌స్టాప్‌లో (ఆన్‌లైన్ జూదం సైట్లు మిమ్మల్ని రానివ్వకుండా ఆపే సేవ) పేరు నమోదు చేసుకోండి; ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు అని గడువులు ఉంటాయి.

ఆటను పూర్తిగా వదిలేయమనడం లేదు. పోకర్‌ట్రాకర్ 4 మీ హ్యాండ్స్ అన్నింటినీ పోస్ట్‌గ్రెస్‌ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో దాస్తుంది. దాని మీద నేరుగా క్వెరీలు రాయండి. పొజిషన్, టేబుళ్ల సంఖ్య, ఆడిన గంట ప్రకారం ఫలితాలు విడదీయండి, బూట్‌స్ట్రాప్‌తో (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసే పద్ధతి) లాభం అంచనాకు అవధులు కట్టండి. నాలుగు టేబుళ్లప్పటి ఆటకూ రెండింటప్పటి ఆటకూ తేడా ఉందో లేదో అదే చూపిస్తుంది, ఇన్ని హ్యాండ్స్‌తో తేల్చలేమనైనా చెబుతుంది. సీవీలో గెలిచిన డబ్బు రాయకండి. ఈ విశ్లేషణను ప్రాజెక్టుగా రాయండి. సస్క్వెహానా లాంటి ట్రేడింగ్ సంస్థ తన ట్రేడర్ల శిక్షణలోనే పోకర్ ఆడిస్తుంది. అలాంటిచోట ఇంటర్వ్యూలో అడిగేది మీరు ఎంత గెలిచారని కాదు, ఆ 6 పక్కన 7 ఎందుకు వచ్చిందని.