కడుపుతో ఉన్న సంగతి కెనడా ఫైల్‌లో చెప్పాలా, దాచాలా?

ప్రశ్న: అక్కా నమస్తే, మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు, నేనూ మావారూ వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్‌లు చేస్తున్నాం. కెనడా పీఆర్‌కి (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి) నేనే మెయిన్ అప్లికెంట్‌ని, పాయింట్ల మీద ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మొన్ననే ఐటీఏ, అంటే అప్లై చెయ్యమని పిలుపు, వచ్చింది, సంతోషపడాల్సిన టైమ్‌లో నిద్ర పట్టట్లేదు. నాకిప్పుడు అయిదో నెల, వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని పుట్టింట్లో ఉన్నాను. ఐఈఎల్‌టీఎస్‌కి వచ్చే నెలాఖరుతో రెండేళ్లు నిండిపోతాయి, పాస్‌పోర్ట్ ఇంకో ఎనిమిది నెలలే ఉంది. మెడికల్‌లో ఎక్స్‌రే ఉంటుందని తెలిసి అమ్మా అత్తమ్మా ఇద్దరూ వద్దంటే వద్దంటున్నారు. ఫైల్ చూస్తున్న ఏజెంటేమో కడుపుతో ఉన్నట్టు ఎక్కడా చెప్పకండి, రిజెక్ట్ చేసేస్తారు అంటున్నాడు. ఏటి చెయ్యాలో తెలీట్లేదక్కా.

జవాబు: తల్లీ, ముందు ఆ ఏజెంట్ మాట పక్కన పెట్టెయ్. కడుపుతో ఉందని పీఆర్ రిజెక్ట్ చెయ్యరు, పాయింట్లు తగ్గించరు, బిడ్డ పుట్టినా ఎంపికకి చూసే నీ సీఆర్ఎస్ స్కోర్ ఒక్క పాయింట్ కూడా మారదు. అదే విషయం దాచి అది బయటపడితే మిస్‌రిప్రజెంటేషన్ అంటారు, దానికి అయిదేళ్లు కెనడా గుమ్మం తొక్కనివ్వరు. ఆ అయిదేళ్లు పోగొట్టుకునేది నువ్వు, ఏజెంట్ కాదు.

ఇంక డేట్ల సంగతి. నువ్వు అన్ని కాగితాలూ ఒకేలా ఎక్స్‌పైర్ అవుతాయని కంగారు పడుతున్నావు గానీ అలా కాదు. ఐఈఎల్‌టీఎస్ (రెండేళ్లు), ఈసీఏ అంటే మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో చెప్పే రిపోర్ట్ (అయిదేళ్లు), ఈ రెండూ అప్లికేషన్ సబ్మిట్ చేసిన రోజుకి బతికి ఉంటే చాలు, ఆ మర్నాడు ఎక్స్‌పైర్ అయినా నీకు నష్టం లేదు. పోలీస్ క్లియరెన్స్ కూడా అంతే, ఇప్పుడు ఉంటున్న దేశానిదైతే అప్లై చేసే రోజుకి ఆరు నెలల్లోపు తీసుకున్నదై ఉండాలి. పాస్‌పోర్టూ మెడికలూ మాత్రం అక్కడ ల్యాండ్ అయ్యేదాకా కావాలి, ఎందుకంటే చివర్లో ఇచ్చే పీఆర్ కన్ఫర్మేషన్ కాగితం మీద గడువు డేట్‌ని ఈ రెండింట్లో ఏది ముందు అయిపోతే దాన్ని బట్టి వేస్తారు.

కాబట్టి ఐటీఏ వచ్చిన దగ్గర్నుంచి 60 రోజులు టైమ్ ఉందని అందరూ చెప్తారు, నీకు మాత్రం అన్ని రోజులు లేవు, ఐఈఎల్‌టీఎస్ డేట్ వరకే ఉంది. ఆ చివరి రోజు దాకా లాక్కోకు, సైట్ మొరాయిస్తే ఎవర్నీ అనలేం, కనీసం వారం ముందే సబ్మిట్ కొట్టెయ్. మీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల కోసం ఇప్పట్నుంచే ఆఫీస్ హెచ్‌ఆర్ వెంట పడండి, ఎక్కువ మందికి లేటయ్యేది అక్కడే.

ఎక్స్‌రే విషయంలో మీ అమ్మగారి భయం నాకు అర్థమైంది. పొట్ట మీద సీసం షీల్డ్ వేసి ఛాతీ ఎక్స్‌రే తీస్తే బిడ్డకి తగిలే రేడియేషన్ చాలా చాలా తక్కువ అని డాక్టర్లు చెప్తారు, నీ ఒప్పుకోలుతో అలా తీయించుకోవచ్చు. లేదంటే డెలివరీ అయ్యేదాకా వాయిదా అడగొచ్చు, అది నీ హక్కు, కానీ ఎక్స్‌రే అందేదాకా ఫైల్ ఆగుతుంది. నా మాట అడిగితే వాయిదానే మేలంటాను. ఎందుకో విను, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ఫైల్‌కి వాళ్లు చెప్పే టైమే ఆరు నెలలు, నీకు నాలుగు నెలల్లో బిడ్డ చేతికొస్తుంది, అంటే నిర్ణయం రాకముందే బిడ్డని ఫైల్‌లో చేర్చాలి, దానికి ఎలాగూ ఫైల్ ఆగుతుంది, అలాంటప్పుడు ఇష్టం లేని ఎక్స్‌రే ఇప్పుడు తీయించుకుని నువ్వు ముందుకెళ్లేది పెద్దగా ఏం లేదు. మీ గైనకాలజిస్ట్‌తో ఒకసారి మాట్లాడి డిసైడ్ అవ్వు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. 2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో అప్లై చేసేవాళ్లు మెడికల్ ముందే చేయించుకుని ఆ ప్రూఫ్ అప్లికేషన్‌తో పెట్టాలి. ఎక్స్‌రే వాయిదా కదా అని డాక్టర్ దగ్గరికే వెళ్లకపోతే ఫైల్ ఇన్‌కంప్లీట్ అని వెనక్కొస్తుంది. కెనడా వాళ్లు గుర్తించిన ప్యానెల్ డాక్టర్లు హైదరాబాద్‌లో ఉన్నారు, ఫోన్ చేసినప్పుడే కడుపుతో ఉన్నానని చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకో, రక్తం, యూరిన్, మామూలు చెకప్ చేయించుకో, ఎక్స్‌రే వాయిదా అని రాసిన కాగితం అడిగి తీసుకో, దాన్ని లెటర్ ఆఫ్ ఎక్స్‌ప్లనేషన్‌తో (కారణం వివరిస్తూ నువ్వు రాసే లెటర్‌తో) కలిపి అప్‌లోడ్ చెయ్. అయిదో నెలలో బస్సు కుదుపులొద్దు, విజయనగరంలో విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి లోయర్ బెర్త్ చూసుకుని మీవారిని తోడు తీసుకెళ్లు.

పాస్‌పోర్ట్ ఇప్పుడు కదపకు, ఉన్న నంబర్‌తోనే సబ్మిట్ చేసి వెంటనే రీ-ఇష్యూకి పెట్టు. గడువుకి ఏడాది ముందు నుంచే ఇస్తారు. కొత్తది రాగానే కెనడా ఇమ్మిగ్రేషన్ సైట్‌లో ఉండే వెబ్‌ఫామ్‌లో ఆ కాపీ పంపాలి. పోలీస్ వెరిఫికేషన్‌కి వచ్చినప్పుడు నువ్వు ఇచ్చిన అడ్రస్‌లో కనిపించాలి, అత్తారింటి అడ్రస్ ఇచ్చి పుట్టింట్లో కూర్చుంటే ఇక్కడ లేరని రాసి వెళ్లిపోతారు. ఇంకోటి, పెళ్లయింది కదా అని ఇంటిపేరు ఇప్పుడు మార్పించకు. డిగ్రీ, ఐఈఎల్‌టీఎస్, ఈసీఏ అన్నీ పుట్టింటి పేరు మీద ఉన్నాయి, పాస్‌పోర్ట్ ఒక్కటే మారితే మళ్లీ దానికి సంజాయిషీలు.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. 2025 జూలై లెక్క ప్రకారం ఇద్దరికి 19,001 కెనడా డాలర్లు చూపించాలి, ముగ్గురికైతే 23,360, ఏటా ఇది మారుతుంది. బిడ్డ పుట్టగానే మీరు ముగ్గురు, వీసా ఇచ్చేటప్పటికీ ఆ డబ్బు ఉండాలి కాబట్టి ఇప్పట్నుంచే ముగ్గురి లెక్క బ్యాంక్‌లో ఉంచండి. ఊళ్లో పొలం విలువ పనికిరాదు, అప్పు తెచ్చి వేసిన డబ్బు అసలే పనికిరాదు.

ప్రశ్న: అమ్మా, నేను నరసన్నపేటలో రిటైర్డ్ టీచర్ని. అమ్మాయీ అల్లుడూ కెనడా పీఆర్‌కి పెట్టి మూడు నెలలైంది, అల్లుడు దుబాయ్‌లో ఉన్నాడు. పన్నెండు రోజుల కిందట మనవడు పుట్టాడు. ఇప్పుడు బాబు పేరు చేరిస్తే లేటవుతుంది, పీఆర్ వచ్చి వీళ్లు వెళ్లాక స్పాన్సర్ చేసి తీసుకెళ్దాం అంటున్నారు. బారసాల ఇరవై ఒకటో రోజున, బర్త్ సర్టిఫికెట్ ఇంకా తీసుకోలేదు. పిల్లలు చేస్తున్నది సరైనదేనా?

జవాబు: మాస్టారూ, సరైనది కాదండీ, ఈ ఒక్క విషయంలో మీరు పెద్దరికంతో గట్టిగా చెప్పాలి. బాబు సంగతి చెప్పకుండా, బాబుకి మెడికల్ అవ్వకుండా వాళ్లు పీఆర్ మీద ల్యాండ్ అయిపోతే తర్వాత ఆ బిడ్డని ఫ్యామిలీ కింద స్పాన్సర్ చేసే వీల్లేకుండా పోతుంది, అక్కడి రూల్ 117(9)(డి) అదే చెప్తుంది. నెలలు ఆదా అవుతాయని చూస్తే బిడ్డ ఒక దేశంలో తల్లిదండ్రులు ఒక దేశంలో ఏళ్ల తరబడి ఉండాల్సి వస్తుంది. పాస్‌పోర్ట్ వచ్చేదాకా కూడా ఆగక్కర్లేదు, బాబు పుట్టాడని ఈ రోజే వెబ్‌ఫామ్‌లో పంపించమనండి. కెనడా వాళ్లు ఫారాలూ ఫీజూ అడిగి, మెడికల్‌కి లెటర్ ఇస్తారు, అంత చిన్న పిల్లలకి ఎక్స్‌రే, రక్తం, యూరిన్ ఏవీ ఉండవు, డాక్టర్ చూసి రాస్తారంతే.

పుట్టిన 21 రోజుల్లోపు రిజిస్టర్ చేస్తే ఫీజు లేదు. పేరు లేకుండా కూడా చేస్తారు, ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, కానీ పేరు లేని సర్టిఫికెట్‌తో పాస్‌పోర్ట్ కదలదు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ ప్రూఫ్‌గా బర్త్ సర్టిఫికెట్ తప్ప ఇంకేదీ తీసుకోరు. అందుకని పేరు ఇప్పుడే ఖాయం చేసుకుని రాయించెయ్యండి, బియ్యంలో రాసే వేడుక ఇరవై ఒకటో రోజే చేసుకోండి, దానికేం అడ్డు లేదు. మన వైపు ఇంటిపేరు ఒక్క అక్షరంతో సరిపెట్టేస్తారు, అలా వద్దు, అల్లుడి పాస్‌పోర్ట్ ఎదురుగా పెట్టుకుని అదే స్పెల్లింగ్‌తో పూర్తిగా రాయించండి, తల్లి పేరు కూడా ఆమె పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే.

బాబు పాస్‌పోర్ట్‌కి తల్లీ తండ్రీ ఇద్దరి ఒప్పుకోలూ కావాలి. అమ్మాయి ఇక్కడ అనెక్షర్ డి అనే ఒప్పుకోలు ఫారం మీద సంతకం పెడుతుంది, అల్లుడు దుబాయ్‌లోని మన కాన్సులేట్‌లో అఫిడవిట్ అటెస్ట్ చేయించి ఒరిజినల్ కొరియర్ చెయ్యాలి. అతను సెలవు దొరికాక చూద్దాం అనకుండా ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోమనండి, మిగతా కాగితాలన్నీ మీరు నరసన్నపేటలో కూర్చుని సిద్ధం చేసుకోవచ్చు.