హెక్టర్ శిరస్త్రాణం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ఇలియడ్‌ను సగంలో ఆపేశానన్నావు. గ్రీకు వీరుడు అకిలీస్ ఓడల పక్కన అలిగి కూర్చున్నా 'వడిగల పాదాల అకిలీస్' అంటాడేమిటి, తెల్లవారితే చాలు 'గులాబీ వేళ్ల ఉషస్సు' రావాలా అని విసుక్కున్నావు. నీ వయసులో నేనూ విసుక్కున్నాను.

ఆ కావ్యం పాడే సంప్రదాయంలో పుట్టింది. ఆరు గణాల పాదం నడుస్తూనే ఉండాలి, గాయకుడికి ఆగి ఆలోచించే తీరిక ఉండదు. అందుకే పాదంలో మిగిలిన చోటుకు సరిపడే విశేషణాలు నోట్లో సిద్ధంగా ఉంటాయి. 1930లలో మిల్మన్ పారీ అనే అమెరికన్ పండితుడు యుగోస్లావియా పల్లె గాయకుల పాటలు రికార్డు చేసింది ఈ పద్ధతిని చెవులారా వినడానికే. మన కవులు మాత్రం యతి కోసం అర్జునుణ్ణి ఒకచోట కవ్వడి అనీ, ఇంకోచోట ఫల్గుణుడు అనీ అనలేదా?

కావ్యారంభంలో వాగ్దేవిని పిలవడం, బారెడు ఉపమానాలు వగైరా నువ్వే చూసుకో. రెండో సర్గలోని ఓడల జాబితా తొలిసారి దాటేసినా పాపం లేదు. ఆరో సర్గ మాత్రం నెమ్మదిగా చదువు.

ట్రాయ్ వీరుడు హెక్టర్‌కు అంటిపెట్టుకున్న విశేషణం 'తళతళలాడే శిరస్త్రాణం గలవాడు'. అప్పటికి ఎన్నోసార్లు విని ఉంటాం కాబట్టి చెవి పట్టించుకోదు. యుద్ధం మధ్యలో ఊళ్లోకి వచ్చిన హెక్టర్‌కు కోట ద్వారం దగ్గర భార్య ఆండ్రోమకీ ఎదురవుతుంది. వెంట దాది, ఆమె చేతుల్లో పసివాడు. తండ్రి చేతులు చాస్తాడు. తల మీద మెరిసే కంచునూ, పైన ఊగే గుర్రపు వెంట్రుకల కుచ్చునూ చూసి పిల్లవాడు జడుసుకుంటాడు. దాది గుండెల్లో ముఖం దాచుకుని ఏడుస్తాడు. తల్లిదండ్రులిద్దరికీ నవ్వొస్తుంది. హెక్టర్ శిరస్త్రాణం తీసి నేల మీద పెడతాడు. అక్కడా అది మెరుస్తూనే ఉంటుంది! అప్పుడు బిడ్డను ముద్దాడి, ఎగరేసి, తనకంటే గొప్పవాడు కావాలని దేవతలకు మొక్కుతాడు. భార్యతో నాలుగు మాటలాడి, మళ్లీ శిరస్త్రాణం చేతిలోకి తీసుకుంటాడు.

ఇన్నాళ్లూ ఛందస్సు కోసం మోసిన మాట ఆ నేల మీద ఎంత బరువెక్కిందో చూశావా?

ఇక నీ కథ. మొదటి ప్రతిలో అమ్మ నడుముకున్న తాళంచెవుల గుత్తి నాలుగుచోట్ల గలగలలాడింది. పునరుక్తి అని భయపడి రెండో ప్రతిలో మూడుచోట్ల కొట్టేశావు. వాటిని తిరిగి రాయి. ఆ గుత్తి కోడలి చేతికిచ్చాక అమ్మ వంటింట్లోకి ఎలా నడిచి వెళ్లిందో నీ కథలో ఎక్కడా లేదు. ఆ పేజీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు