లూబ్లిన్ దాకా వెళ్ళి క్రాకోవ్‌కి పరిగెత్తడం దేనికండీ?

"మా అమ్మాయిని మెడిసిన్‌లో చేర్చడానికి పోలండ్‌లోని లూబ్లిన్ వెళ్తున్నాం. నాలుగు రోజులు ఖాళీ. చుట్టుపక్కల చూడదగ్గవి ఉన్నాయా, క్రాకోవ్ పోవడమే మేలా?" అని అడిగారు. మా అమ్మాయి అక్కడే చదివింది కాబట్టి చెబుతున్నాను. క్రాకోవ్ నగరం ఎక్కడికీ పోదు. మీ అమ్మాయి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది, స్నేహితులతో ఎలాగూ చూస్తుంది. మీరు హెవుమ్ వెళ్ళండి. లూబ్లిన్‌కి తూర్పున 70 కిలోమీటర్లు, రైలుంది.

అక్కడి మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే ముక్తకంఠంతో కజిమియెష్ దోల్ని అనే ఊరి పేరే చెబుతారు. బాగుంటుంది, కాదనను. విస్తులా నది ఒడ్డు, గోడల నిండా బొమ్మలు చెక్కిన పాత ఇళ్ళు, చెట్ల వేళ్ళు బయటికి వేలాడే లోయదారి. కానీ ఎండ కాసిన ఆదివారం వార్సా జనమంతా అక్కడే దిగుతారు. కోడిపుంజు ఆకారంలో రొట్టె అమ్ముతారు, అది ఫొటోకి బాగుంటుంది, పంటికి కాదు.

హెవుమ్ సంగతి వేరు. ఊరి నడిబొడ్డున మెట్లు దిగితే సుద్ద గనులు! మధ్యయుగాల నుంచి అక్కడి జనం ఎవరి ఇంటి నేలమాళిగలోంచి వాళ్ళు సుద్ద తవ్వుకుంటూ పోయారు. ఈ ఇంటి సొరంగం పొరుగింటి సొరంగంలో కలిసింది, అది ఇంకో ఇంటి దాంట్లో కలిసింది. చివరికి పైన ఇళ్ళకే ఎసరొచ్చేసరికి చాలా భాగం పూడ్చేశారు. మిగిలినదాంట్లో గైడు వెంట తిప్పుతారు, ఒంటరిగా పంపరు. బయట జులై ఎండైనా లోపల 9 డిగ్రీలే, శాలువా మర్చిపోకండి. గోడ తెల్లగా, చెమ్మగా ఉంటుంది, గోరు ఆనిస్తే గీత పడుతుంది.

మధ్యలో ఒకచోట గైడు దీపాలు ఆర్పించింది. చీకట్లోంచి తెల్లగడ్డం, తెల్ల అంగీతో ఒకాయన వచ్చాడు. బియెలూహ్ అని ఆ గనులని కాచే దయ్యమట. మంచిదేలెండి, మనసులో ఏదైనా కోరుకుంటే తీరుస్తుందని చెప్పారు. మా ఆవిడ గభాలున రెండు చేతులెత్తి దణ్ణం పెట్టేసింది. పోలిష్ పిల్లలు కిసకిసా నవ్వారు. దయ్యం మాత్రం నవ్వలేదు, తల వంచి మర్యాదగా అందుకుంది.

పైకొచ్చి చూస్తే నా స్వెట్టరు మోచెయ్యంతా తెల్లగా ఉంది. ఎవర్నీ దులపనివ్వలేదు. అమ్మాయి గదికి వచ్చాక ఆ పొడిని చెంచాలోకి గీకి, నాలుగు చుక్కలు వెనిగర్ వేశాను. బుసబుసా పొంగింది. అసలైన సుద్దంటే అదీ! డైనోసార్ల కాలపు సముద్రంలో కంటికి ఆనని నాచుజీవుల పెంకులు పేరుకుని తయారైన కాల్షియం కార్బొనేట్. మన బళ్ళకి సుద్దముక్కలని సరఫరా చేసేది చాలావరకు జిప్సం, వెనిగర్ పోస్తే ఉలకదు పలకదు. రిటైరయ్యేదాకా ఆ పొడి పీలుస్తూ సైన్సు చెప్పినవాణ్ణి, నాకు ఆ మాత్రం కడుపుమంట ఉండదా? ఇప్పుడేమో డిజిటల్ బోర్డులట. కరెంటు పోతే దేంతో రాస్తారో నాకైతే తెలీదు.

యూదుల జానపద కథల్లో హెవుమ్ జనమంటే మన పరమానందయ్య శిష్యులే అనుకోండి. నీళ్ళ పీపాలో చంద్రుడు కనపడితే మూత బిగించి, పట్టేశామని సంబరపడ్డ మేధావులు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఊళ్ళో దాదాపు సగం మంది యూదులే. వాళ్ళలో ఎక్కువమందిని దగ్గర్లోని సొబిబోర్ శిబిరంలో నాజీలు చంపేశారు.

ఆ మాటకొస్తే లూబ్లిన్ ఊళ్ళోనే నాజీల మైదానెక్ శిబిరం ఉంది, సిటీ బస్సులోనే వెళ్ళొచ్చు, ప్రవేశం ఉచితం. 1944 జులైలో సోవియట్ సైన్యం హఠాత్తుగా వచ్చిపడటంతో నాజీలకి అంతా కూల్చే వ్యవధి లేకపోయింది, అందుకే ఎంతో మిగిలింది. అక్కడ గోపురం కింద చనిపోయినవాళ్ళ బూడిద గుట్టగా ఉంటుంది. దాని ముందు రెండు వేళ్ళు చూపిస్తూ సెల్ఫీ దిగిన మన కుర్రాళ్ళని నా కళ్ళతో చూశాను. మందలిస్తే "అంకుల్, ఒక్కటే" అన్నారు! మీ అమ్మాయికి ముందే చెప్పి పంపండి.

హెవుమ్ స్టేషన్‌లోనూ కాసేపు ఆగండి. ఉక్రెయిన్ బండ్లు 1520 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాల మీద అక్కడిదాకా వస్తాయి. పోలండ్‌వి 1435. అందుకే కీవ్ నుంచి వచ్చినవాళ్ళు అక్కడ పెట్టెలు దించుకుని వార్సా బండి ఎక్కుతారు.

ఇంకో రోజుంటే జామోష్చ్. 1580లో యాన్ జమోయ్‌స్కీ అనే దొర ఇటలీ నుంచి వచ్చిన వాస్తుశిల్పి చేత గీయించి కట్టించిన ఊరు, యునెస్కో జాబితాలో ఉంది. వీధులు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి, చౌకులో రంగురంగుల అర్మేనియన్ వర్తకుల ఇళ్ళు. పూట చాలు.

2018లో వచ్చిన చట్టం వల్ల ఆదివారాలు పెద్ద దుకాణాలు దాదాపు ఎప్పుడూ మూసే ఉంటాయి. సరుకులు శనివారమే తెచ్చుకోండి. పొద్దున్నే బేకరీలో త్సెబులాష్ అడగండి, ఉల్లిపాయ ముక్కలు, గసగసాలు పరిచి కాల్చిన రొట్టె, వేడిగా ఉన్నప్పుడే తినాలి. ఆవకాయతో అదిరిపోతుంది. జాడీ మాత్రం చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి, చేతిసంచీలో పెడితే సెక్యూరిటీ వాళ్ళు తీసేసుకుంటారు.