ఒవాహులో తాబేళ్లు చూడ్డానికి ప్రైవేటు స్నార్కెలింగ్: ఈత రాని అమ్మానాన్నలతో వెళ్తే బుకింగ్‌కి ముందు ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: డిసెంబరు చివరి వారం హవాయిలోని ఒవాహు దీవిలో ఉంటారు. మీరిద్దరు, పదకొండేళ్ల పాప, ఏడాదిన్నర బాబు, తమ్ముడు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, మొత్తం ఏడుగురు. పెద్దవాళ్లకి ఈత రాదు, నాన్నగారు బీపీ మాత్రలు వాడుతున్నారు. గైడుని పెట్టుకుని స్నార్కెలింగ్‌లో, అంటే మాస్క్, గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ, తాబేళ్లు చూపించాలనుంది.

చూపించొచ్చండీ. తాబేళ్లు కనబడతాయో లేదో అని బెంగ పెట్టుకోకండి. అక్కడుండేవి గ్రీన్ టర్టిల్స్, హవాయి భాషలో హోను అంటారు. మన విశాఖ, కాకినాడ తీరాల్లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీలు వేరు, ఇవి వేరు. ఇవి గుడ్లు పెట్టడానికి వేసవిలో వందల మైళ్లు ఈదుకుంటూ వాయవ్యంగా ఉన్న ఫ్రెంచ్ ఫ్రిగేట్ షోల్స్ అనే పగడపు దిబ్బలకి వెళ్తాయి. డిసెంబరులో తిరిగి తమ మేత తావుల్లోనే ఉంటాయి. కాబట్టి మీరు ఆలోచించాల్సింది నీళ్లలో నాన్నగారి పక్కన ఎవరుంటారు, సముద్రం బాగాలేని రోజున ఆ మనిషి ట్రిప్పు ఆపేస్తాడా లేదా అని.

ముందు చోటు సంగతి. చలికాలంలో నార్త్ షోర్ వైపు అసలు చూడకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ లేచే అలలు పెద్ద సర్ఫింగ్ పోటీలకి పనికొచ్చేవి. లానియాకేయా బీచ్‌లో ఒడ్డున పడుకున్న తాబేళ్లని దూరం నుంచి చూసి రావచ్చు గానీ ఆ నెలలో అక్కడ నీళ్లలోకి దిగొద్దు. మీకు పనికొచ్చేవి దక్షిణ తీరం, పడమటి తీరం. దక్షిణాన వైకీకీ ఎదురుగా టర్టిల్ కాన్యన్ ఉంది, పడవ మీదే వెళ్లాలి. అక్కడ తాబేళ్లు ఒళ్లు శుభ్రం చేయించుకోవడానికి వస్తాయి. మెడ చాచి, రెక్కలు వదిలేసి నీళ్లలో అలా వేలాడుతూ ఉంటే, సర్జన్ చేపలు డిప్ప మీది నాచుని కొరికి కొరికి తింటుంటాయి. పైన తేలుతూ కిందకి చూస్తే చాలు కాబట్టి ఈత రానివాళ్లకి ఇంతకన్నా మంచి చోటు లేదు. పడమటి వైపు ఎలక్ట్రిక్ బీచ్ పేరు కూడా చాలామంది చెబుతారు. పవర్ ప్లాంటు నుంచి గోరువెచ్చటి నీళ్లు గొట్టంలోంచి సముద్రంలోకి వస్తాయి, అందుకే చేపలు ఎక్కువ. కానీ ఒడ్డు నుంచి అలల్లో ఈదుకుంటూ పోవాలి, ప్రవాహం బలంగా లాగుతుంది. మీ అమ్మానాన్నలకి అది వద్దు, ఏ గైడు సరేనన్నా వద్దు.

ఇక "ప్రైవేటు" అన్న మాట. ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడతారు. పడవ మొత్తం మీదేనా, లేక పదిమందితో కలిసి పోయే పడవలో మీకో గైడుని విడిగా ఇస్తారా? ఇది ఈమెయిల్లో రాయించుకోండి. పడవ మొత్తం మీదైతే ధర తలకి కాదు, పడవకి ఉంటుంది.

మీ విషయంలో ఇక్కడో పెద్ద చిక్కుంది. అమెరికాలో కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ లేని చిన్న పడవలో డబ్బులిచ్చి వచ్చే ప్రయాణికులు ఆరుగురికి మించకూడదు. వాటినే సిక్స్ ప్యాక్ అంటారు. చంకలో పసిపిల్లాడున్నా ఒక ప్రయాణికుడి కిందే లెక్క. మీరు ఏడుగురు. "బాబు చిన్నవాడే కదా, పర్లేదు" అని ఎవరైనా అంటే, మిగతా నియమాల్ని కూడా వాళ్లు అలాగే చూస్తారని అర్థం. రెండు దారులున్నాయి. తనిఖీ అయిన పెద్ద పడవ మాట్లాడుకోవడం ఒకటి. బాబుతో ఒకరు ఒడ్డునే ఉండి మిగతా ఐదుగురు వెళ్లడం రెండోది. నేనైతే రెండోదే చెబుతాను. ఏడాదిన్నర పిల్లాడికి లంగరేసిన పడవ ఊగుడు నరకం, వాణ్ణి పట్టుకుని కూర్చున్నవాళ్లకీ అంతే.

ఇంకో తిరకాసు ఉంది. పడవకి డబ్బు ఒకరికి, కెప్టెన్‌కి ఇంకొకరికి ఇమ్మని, బేర్‌బోట్ చార్టర్ అని కాగితం మీద సంతకం అడిగితే ఆగండి. ఆ కాగితం ప్రకారం పడవ నడిపించే బాధ్యత మీ నెత్తిన పడుతుంది. మీకు కావాల్సింది కోస్ట్ గార్డ్ లైసెన్సున్న కెప్టెన్, రాష్ట్ర ప్రభుత్వపు వాణిజ్య పర్మిట్ ఉన్న సంస్థ. హవాయిలో ఆ పర్మిట్ ఇచ్చేది భూ, సహజ వనరుల శాఖలోని బోటింగ్ విభాగం. పర్మిట్ నంబరు అడిగితే సరైనవాళ్లు వెంటనే చెబుతారు, నొచ్చుకోరు.

ఫోన్లో మాట్లాడేటప్పుడు తప్పకుండా అడగాల్సినవి కొన్ని. మేం నీళ్లలో ఉన్నప్పుడు పడవ మీద ఎవరుంటారు? జవాబు "నేనే దిగుతాను, పడవ లంగరేసి ఉంటుంది" అయితే వదిలేయండి. ఎవరికైనా ఆయాసం వస్తే పడవని వాళ్ల దగ్గరికి తేవడానికి మనిషి ఉండడు. కెప్టెన్ పడవ మీద, గైడు నీళ్లలో, కనీసం ఇద్దరుండాలి. ఈత రానివాళ్లు ఎంతమందికి ఒక గైడు? ఇద్దరికి ఒకరుంటే బాగుంటుంది. మీ ఇంట్లో ఈత వచ్చినవాళ్లని ఆ లెక్కలో కలపకండి. వాళ్లు పాపని చూసుకుంటారు. తాడున్న రింగు గానీ తేలే బోర్డు గానీ తెస్తారా? పెద్దవాళ్లు రెండు చేతులతో దాన్ని పట్టుకుని ముఖం నీళ్లలో పెడితే, గైడు దాన్ని లాక్కుంటూ తీసుకెళ్తాడు. కాళ్లు ఆడించక్కర్లేదు.

చాలామంది మర్చిపోయే ప్రశ్న నిచ్చెన గురించి. నీళ్లలోకి దిగడం తేలిక, తిరిగి ఎక్కడమే కష్టం. నిచ్చెన మెట్లు నీళ్ల కింద ఎన్ని ఉంటాయో అడగండి. రెండు మూడు మెట్లు నీళ్లలోకి దిగి ఉంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఎక్కగలరు. ఒక్కటే ఉంటే చేతుల బలంతో ఒంటిని పైకి లాక్కోవాలి, అమ్మగారి వల్ల కాదు. ఎక్కే ముందు ఫిన్స్ (ఈదడానికి కాళ్లకి తొడిగే రెక్కలు) విప్పి పైకి అందించేయాలి. ఫిన్స్‌తో నిచ్చెన ఎక్కబోయి జారి మోకాలి చిప్పలు గీరుకుపోవడం మామూలే.

ఇప్పుడు నాన్నగారి సంగతి, ఇది కాస్త నిదానంగా చదవండి. హవాయికి వచ్చే పర్యాటకులు మునిగి చనిపోయే ఘటనల్లో ఎక్కువ భాగం స్నార్కెలింగ్‌లోనే జరుగుతాయి. అందరూ నీళ్లు మింగి, చేతులు కొట్టుకుని మునిగిపోరు. స్నార్కెల్ గొట్టంలోంచి గాలి పీల్చాలంటే కొంచెం బలంగా లాగాలి. అలా బలంగా లాగినకొద్దీ కొందరికి ఒంట్లోని ద్రవమే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఉన్నట్టుండి ఆయాసం, నీరసం వస్తాయి. అరవకుండా, కొట్టుకోకుండా మనిషి చల్లబడిపోతాడు. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ. దూర విమాన ప్రయాణం కూడా ఒక కారణం కావచ్చని హవాయిలో జరిగిన అధ్యయనం అనుమానించింది, దిగాక రెండు మూడు రోజులు ఆగమని అక్కడ చెబుతుంటారు. అందుకని ముందు డాక్టరుని అడగండి, ట్రిప్పు మూడో రోజుకి గానీ నాలుగో రోజుకి గానీ పెట్టుకోండి. పైన కవాటాలు, లోపల సన్న గొట్టం ఉన్న ఖరీదైన స్నార్కెల్ కాకుండా, వెడల్పాటి సాదా గొట్టం తీసుకోండి. ముఖమంతా కప్పేసే ఫుల్ ఫేస్ మాస్క్ వద్దే వద్దు. అందులో నీళ్లు చేరినా, ఆయాసం వచ్చినా గొట్టం ఉమ్మేసి నోటితో గాలి పీల్చడం కుదరదు. నాన్నగారికి ఒక్క మాట నేర్పండి: కొంచెం ఆయాసం అనిపించినా గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, చెయ్యెత్తాలి. "ఇంకాసేపు చూద్దాం" అనుకోకూడదు. ఆయన దిగనంటే పడవ మీదే కూర్చోబెట్టండి. తాబేళ్లు గాలికి పైకి వస్తూనే ఉంటాయి, తల బయటికి పెట్టి ఊపిరి తీసుకోవడం అక్కణ్ణుంచే కనబడుతుంది.

మాస్క్ విషయంలో మనవాళ్లకి రెండు ఇబ్బందులు. ఒకటి మీసం. ముక్కు కింద మాస్క్ అంచు వెంట్రుకల మీద ఆనితే నీళ్లు కారుతూనే ఉంటాయి. మీసం పైఅంచు సన్నగా గీసుకోవాలి, లేదంటే వాజిలిన్ దట్టంగా రాయాలి. పట్టీ ఇంకా బిగిస్తే ఆగుతుందనుకుంటారు గానీ, బిగించేకొద్దీ అంచు మడతపడి ఇంకా కారుతుంది. సరిపోయిందో లేదో చూడాలంటే పట్టీ తలకి పెట్టకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి వదిలినా ముఖానికే అతుక్కుని ఉంటే మీ సైజే. నుదుటి మీది జుట్టు అంచు కింద చిక్కుకోకూడదు, ఆ రోజు తలకి నూనె కూడా వద్దు.

రెండోది కళ్లజోడు. మాస్క్ లోపల కళ్లజోడు పెట్టుకోలేరు. పవర్ అద్దాల మాస్కులు అర పాయింటు తేడాతో దొరుకుతాయి. సిలిండర్ ఉంటే అందులో సగం కలుపుకోండి: మైనస్ 3.50, సిలిండర్ మైనస్ 1.00 అయితే మైనస్ 4.00. సరిగ్గా ఆ నంబరు లేకపోతే ఒక మెట్టు తక్కువది చాలు, నీళ్లలో అన్నీ సుమారు మూడోవంతు పెద్దగా కనబడతాయి. ఆ పవర్లు గైడు దగ్గర ఉన్నాయేమో బుకింగ్ అప్పుడే అడగండి. పెద్దవాళ్లకి చదివే అద్దాలు మాత్రమే ఉంటే మామూలు మాస్క్ సరిపోతుంది.

పడవ ఎక్కే ముందు రోజు కో ఒలీనా మడుగుల్లో ఒక గంట సాధన చేయించండి. రాళ్ల గట్టు కట్టి చేసిన మడుగులు, అలలుండవు. మొదట నడుం లోతులో నిలబడి, మాస్క్ పెట్టుకుని, గొట్టం పళ్లతో పట్టి, పెదాలు మూసి నోటితోనే ఊపిరి తీసుకోవాలి. అది అలవాటయ్యాక ముఖం నీళ్లలో పెట్టాలి. తేలడం ఆఖరున. మొదటిసారి గొట్టం పెట్టుకున్నవాళ్లు ముక్కుతో పీల్చబోయి కంగారుపడతారు. ఆ కంగారు సముద్రం మధ్యలో పడేకన్నా నడుం లోతులో పడితే నయం.

పొద్దున్న మొదటి ట్రిప్పే తీసుకోండి. డిసెంబరులో అక్కడ సూర్యోదయం ఏడింటి ప్రాంతంలో, కాబట్టి ఎనిమిదికి బయల్దేరే పడవ. పొద్దెక్కేకొద్దీ గాలి పెరిగి నీళ్లు గరుగ్గా అవుతాయి. మామూలుగా వీచే ఈశాన్యపు గాలికి దక్షిణ, పడమటి తీరాలు చాటున ఉంటాయి. కానీ చలికాలంలో అప్పుడప్పుడు కోనా గాలులని దక్షిణం వైపు నుంచి వీస్తాయి, ఆ రోజు వైకీకీ వైపు బాగోదు. పున్నమి తర్వాత 8 నుంచి 10 రోజుల మధ్య వైకీకీ తీరానికి బాక్స్ జెల్లీ చేపలు వస్తాయి, కుడితే మంట భయంకరంగా ఉంటుంది. క్యాలెండర్ చూసి ఆ మూడు రోజులు తప్పించండి.

ఆఖరి నిమిషంలో సముద్రం బాలేదని గైడే రద్దు చేస్తే డబ్బు తిరిగిస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా? మీరే రద్దు చేస్తే ఎన్ని గంటల ముందు చెప్పాలి? ఇవి రాతలో ఉండాలి. తర్వాత రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. స్కూబాకి (గాలి సిలిండరుతో లోతుకి దిగడానికి) ఉన్నట్టు వెంటనే విమానం ఎక్కకూడదన్న నియమం స్నార్కెలింగ్‌కి లేదు కాబట్టి ఆఖరి రోజు దాకా జరపొచ్చు. "తాబేలు గ్యారంటీ" అంటే సాధారణంగా మరో ట్రిప్పు ఉచితం అనే, డబ్బు వాపసు కాదు. వాళ్ల ఫోటోల్లో ఎవరైనా తాబేలుని ముట్టుకుంటూ కనబడితే ఆ సంస్థని కొట్టేయండి. ముట్టుకోవడం, వెంటపడటం, మేత పెట్టడం చట్టప్రకారం నేరం. 3 మీటర్ల దూరం ఉంచమంటారు.

ఆ దూరం ఉంచితే మీరు చూడ్డానికీ మంచిదే. తాబేలు తల పైకెత్తి లేవడం మొదలుపెడితే గాలికి వస్తోందన్నమాట. దాని నెత్తిన తేలుతూ ఉంటే దారి మూసినట్టే, తప్పుకుని దూరం జరిగి కదలకుండా ఉండండి. రెండు మూడు ఊపిర్లు తీసుకుని మళ్లీ కిందకి దిగిపోతుంది. వెంట ఈదితే ఒక్క రెక్క విసురుతో మాయమవుతుంది.

ఒంటికి నిండు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), లెగ్గింగ్స్ వేయండి. కాటన్ చుడీదార్ తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది. నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటాయి. మొదట బాగానే ఉంటుంది, అరగంటకి పెద్దవాళ్లకి వణుకు పుడుతుంది. సన్నటి వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు లాంటి దుస్తులు) అడగండి, అది తేలడానికి కూడా సాయం. ముఖానికి జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ రాయండి. పగడాలకి హాని చేసే ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవి హవాయిలో 2021 జనవరి 1 నుంచి దుకాణాల్లో అమ్మకూడదు, ఇంటి నుంచీ తేకండి. వాంతుల మాత్ర బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి, పడవ ఊగడం మొదలయ్యాక వేస్తే పనిచేయదు. నాన్నగారి బీపీ మందులతో కలిపి వేయొచ్చో లేదో డాక్టరునే అడగండి. ఖాళీ కడుపుతో వద్దు, నూనె పూరీలూ వద్దు. రెండు బ్రెడ్డు ముక్కలు, అరటిపండు చాలు.

గైడు బాగా చూసుకుంటే 15 నుంచి 20 శాతం టిప్పు అక్కడి ఆనవాయితీ, ఆ డబ్బు ముందే లెక్కలో పెట్టుకోండి. పాపకి ఒక పని అప్పజెప్పండి: కొన్ని తాబేళ్ల డిప్ప మీద తెల్లగా చెక్కిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. అవి శాస్త్రవేత్తలు వేసిన గుర్తులు. దూరం నుంచే ఆ నంబరు చదివి, చోటు, తేదీతో అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా వాళ్లు తాబేళ్ల వివరాలు సేకరించే హోను కౌంట్‌కి పంపమనండి.